బెజవాడలో ఏడాది తిరిగిన కెమెరా: కెనాన్ 1500డి

పటమటలో ఒక కుర్రాడు ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెడితే ఈ కెమెరా కొన్నాను. ఏడాది దాటింది. 2018లో వచ్చిన మోడల్, 24.1 మెగాపిక్సెల్, కెమెరాతో పాటే ఇచ్చే 18-55 ఎంఎం కిట్ లెన్స్‌తో (18 దగ్గర ఎక్కువ మేర పడుతుంది, 55 దగ్గర దూరానివి కాస్త దగ్గరవుతాయి). పెట్టె విప్పిన రోజు రాసే రివ్యూలు కావలసినన్ని ఉన్నాయి. బెజవాడ ఎండ, ఉక్కపోత, దసరా రద్దీ అన్నీ చూశాక ఎలా ఉందో రాసేవాళ్లే తక్కువ.

ముందే చెప్పేస్తాను: కేవలం ఫొటో బాగా రావడం కోసమైతే, చేతిలో మంచి ఫోను ఉన్నవాళ్లకు ఇది అక్కర్లేదు. చూసిన చోటికే మళ్లీ వెళ్లడానికి ఒక సాకు కావాలంటే మాత్రం పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. ఫోనుతో ఉండవల్లి గుహలకు ఒకసారి వెళ్తే అయిపోయినట్టే. మెడలో కెమెరా ఉంటే "పొద్దున వెలుగులో ఎలా ఉంటుందో" అని ఇంకోసారి పోతాం.

ప్రకాశం బ్యారేజీనే చూడండి. 1957 నుంచి వాడుకలో ఉంది, 70 గేట్లు. ఊళ్లో వాళ్లం దాని మీదుగా పోతూనే ఉంటాం తప్ప ఆగి చూసేది తక్కువ. ఎగువన పడమర కాబట్టి సాయంత్రం సూర్యుడు నిండుగా ఉన్న నీళ్ల వైపు దిగుతాడు. పొద్దున అయితే దిగువన ఇసుక మేటల మీద వెలుగు పడుతుంది. ఈ రెంటికీ 18-55 చాలు. బండ్లు పోతుంటే కాళ్ల కింద అదురు తెలుస్తుంది, అందుకని అక్కడికి ట్రైపాడ్ మోసుకెళ్లడం దండగ.

తర్వాత కొన్నది 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్, తక్కువ వెలుతురులోనూ పనికొచ్చేది. చిన్నది, తేలిక, ఈ కెమెరా సెన్సర్ చిన్నది కాబట్టి దీని మీద 80 ఎంఎం లెన్స్‌లా దగ్గరగా చూపిస్తుంది. కాళేశ్వరరావు మార్కెట్లో, బీసెంట్ రోడ్డులో సాయంత్రాలు తీసినవన్నీ దీంతోనే. బల్బు వెలుతురులో కూరగాయల కుప్పలు, తూకం వేస్తున్న చేతులు బ్రహ్మాండంగా వస్తాయి. ఒక ఇబ్బంది ఉంది. పెద్ద కెమెరా కనబడగానే జనం మనల్ని మీడియా అనుకుంటారు. ఒక పెద్దావిడ "ఏ ఛానెల్ బాబూ? టమాటా రేటు కూడా చూపించు" అంది. చూపించాను, నవ్వుతూ నిలబడింది. నా ఏడాది ఫొటోల్లో మనుషులున్న మంచివన్నీ ఇలా మాట కలిపాక తీసినవే.

ఉండవల్లిలో ఆ 50 పనికిరాదు. పైన పడుకున్న విష్ణుమూర్తి విగ్రహం పొడవు, మనం వెనక్కి జరగడానికి ఉన్న జాగా తక్కువ. 18 దగ్గర పెట్టి, ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) 1600కు పెంచి, స్తంభానికి ఆనుకుని ఊపిరి బిగబట్టి తీయాలి. పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కు విడిగా అనుమతి కావాలి కాబట్టి వేరే దారి లేదు. ఫోను ఒక దాని మీద ఒకటి నాలుగైదు ఫ్రేములు పేర్చి ఈ చీకట్లో నాకంటే శుభ్రంగా తీస్తుంది. దసరా తెప్పోత్సవం రాత్రి కూడా ఫోనే గెలిచింది. కదిలే హంస వాహనం, నీళ్లలో దీపాలు, చుట్టూ తోపులాట. ఆ రద్దీలో తొమ్మిది ఫోకస్ పాయింట్ల కెమెరాతో కుస్తీ పట్టడం కంటే ఇంట్లో పెట్టి వెళ్లడం మేలు.

ఈ ఏడాదిలో నాకు బాగా కలిసొచ్చింది మాత్రం అమరావతి. ఒకసారి వెళ్లి అక్కడి పాత బౌద్ధ స్తూపం, మహాచైత్యం ఫొటోలు తీసుకొచ్చాను. గడ్డి, గుండ్రంగా ఇటుకల దిబ్బ, చుట్టూ నిలబెట్టిన కొన్ని రాళ్లు. తెరిచి చూస్తే ఏమీ లేదనిపించింది. ఆ రాత్రి ఊరికే వెతుకుతుంటే బ్రిటిష్ మ్యూజియం వెబ్‌సైట్లో అమరావతి ఫలకాలు తగిలాయి. అందులో ఒక దాని మీద స్తూపమే చెక్కి ఉంది: గుమ్మటంలాంటి అండం, దాని చుట్టూ ప్రాకారం, ద్వారం దగ్గర సింహాలు, పైన ఎగిరే దేవతలు. దగ్గరికి లాగి చూస్తే పూలదండల వరుసలు కూడా తెలుస్తాయి. దాని వెంట పోతే ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ 1816 ప్రాంతంలో తన మనుషుల చేత గీయించిన బొమ్మలు దొరికాయి. దిబ్బ అప్పటికే సగం తవ్వేసి ఉందట, రాళ్లు కట్టడాలకు పోయాయట. మిగిలిన శిల్పాల్లో చాలావరకు ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ లండన్‌లోనూ ఉన్నాయి.

ఆ ఫలకం బొమ్మ ఫోనులో పెట్టుకుని మళ్లీ వెళ్లాను. ఈసారి దిబ్బ ఫొటో కాదు, అడుగు మట్టం దగ్గర గుండ్రటి ప్రదక్షిణ దారి వంపు, ద్వారాల చోట ముందుకు పొడుచుకొచ్చిన వేదికలు తీశాను. అదే చోటు, అదే కెమెరా. మొదటిసారి తీసినవి చెరిపేశాను. కొత్త లెన్స్ కొనాలని చేతులు దురద పెట్టినప్పుడల్లా ముందు ఆ చోటి పాత బొమ్మలేమైనా ఆన్‌లైన్‌లో ఉన్నాయేమో చూడటం అప్పుడే అలవాటైంది. పైసా ఖర్చు లేదు.

ఇక కష్టాలు. కృష్ణ పక్కన ఊరు, వానాకాలం గాలిలో తేమ ఎక్కువ. లెన్స్‌ను సంచిలో వదిలేస్తే లోపల ఫంగస్ దారాలు పాకుతాయి. వేల ఖర్చుతో డ్రై క్యాబినెట్ అక్కర్లేదు. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టుకుంటే సరిపోతుంది, వంటింట్లో ఒకటి తక్కువైందని ఇంట్లో గొణుగుడు తప్పదు. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు లెన్స్‌లోకి టార్చ్ వేసి చూడండి. తెల్లగోడను ఎఫ్/16లో (లెన్స్ రంధ్రం బాగా చిన్నది చేసి) ఒక ఫొటో తీస్తే సెన్సర్ మీద దుమ్ము చుక్కలు కూడా బయటపడతాయి. మే నెల ఎండలో మధ్యాహ్నం ఎటూ మనమే బయటికి పోం.

ఫొటోలు దాచడం ఇంకో తలనొప్పి. రా ఫైలు (కెమెరా కుదించకుండా దాచే అసలు ఫొటో) ఒక్కొక్కటి పాతిక ఎంబీ పైనే. గూగుల్ ఫొటోస్‌లో అపరిమిత ఉచితం 2021 జూన్‌తో ముగిసింది. ఇప్పుడు మెయిల్, డ్రైవ్ అన్నీ కలిపి 15 జీబీ. నేను బయటికి వెళ్లొచ్చిన రాత్రే ఏరేసి, మిగిలినవి రెండు హార్డ్ డిస్కుల్లో వేస్తాను. ఊళ్లో కట్టడాల బొమ్మలు బాగా వస్తే వికీమీడియా కామన్స్‌కు ఎక్కిస్తున్నాను, తెలుగు వికీపీడియా వ్యాసాల్లో ఎవరైనా వాడుకోవచ్చు. నలుగురు తిరిగే చోట శాశ్వతంగా నిలిపిన విగ్రహాల ఫొటోకు మన కాపీరైట్ చట్టం అడ్డు చెప్పదు, కాబట్టి స్వరాజ్ మైదానంలోని 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం కూడా పెట్టొచ్చు. దాన్ని మొత్తం ఫ్రేములో ఇరికించాలంటే మాత్రం బాగా వెనక్కి నడవాలి.

మడత పడని స్క్రీను, టచ్ లేకపోవడం మొదట్లో చిరాకు. అలవాటైపోయింది. వైఫై ఉంది గానీ కార్డ్ రీడరే త్వరగా పని కానిస్తుంది. కొత్తగా కొనేవాళ్లు మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్త రకం కెమెరా) చూసుకోండి, సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే ఇది తీసుకోండి.

గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో పక్షులకు 55 ఎంఎం ఏ మూలకూ రాలేదు. చెట్ల మీద గూడబాతులు తెల్ల చుక్కల్లా పడ్డాయి. 55-250 లెన్స్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో వెతుకుతున్నాను. చలికాలం వచ్చేలోగా ఎవరి దగ్గరైనా ఫంగస్ లేనిది ఉంటే చెప్పండి.