వోక్స్‌వ్యాగన్ పాత వ్యానును ముందు దించే డ్రాప్ స్పిండిల్స్: బిగించి నడిపాక నా మాట

వోక్స్‌వ్యాగన్ టైప్ 2లో 1968 మోడల్ నుంచి వచ్చిన 'బే విండో' వ్యాన్ నాది. ఫ్యాక్టరీ ఎత్తులో ముందు చక్రానికీ పైరేకుకూ మధ్య చేయి దూరేంత సందు ఉంటుంది. ఆ సందు నాకు మొదటి నుంచీ గిట్టదు. దాన్ని తగ్గించడానికి 2.5 అంగుళాలు దించే డ్రాప్ స్పిండిల్స్ (చక్రం తిరిగే ఇరుసు ఉన్న భాగాలు, ఇరుసును పైకి జరిపి చేసినవి) జత తెప్పించుకున్నాను. తయారీదారు పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే దెప్పవలసిన సంగతి కూడా ఒకటుంది.

ఈ వ్యానులో డ్రైవరు కూర్చునేది సరిగ్గా ముందు చక్రాల మీద. కారులో గుంత అదురు సీటు దాకా వచ్చేసరికి కొంత చల్లబడుతుంది, ఇక్కడ నేరుగా నడుముకు తగులుతుంది. కాబట్టి ఎంత దిగింది అన్నదానికంటే దిగాక ఎలా నడుస్తోంది అన్నదే నాకు ముఖ్యం.

ముందు చక్రాలను మోసే అడ్డ దూలంలో, అంటే బీములో, ఒకదానిపై ఒకటిగా రెండు అడ్డ గొట్టాలుంటాయి. వాటి లోపల ఉక్కు పట్టీల కట్టలు. కట్ట నడిమి భాగాన్ని ఒక స్క్రూ పట్టి ఉంచుతుంది, రెండు కొసలనూ ట్రైలింగ్ ఆర్ములు (బీము నుంచి వెనక్కి చాచి చక్రాన్ని పట్టుకునే చేతులు) మెలితిప్పుతాయి. స్ప్రింగు పని చేసేది ఆ మెలికే. చాలామంది ఈ గొట్టాలను మధ్యలో కోసి, పళ్ల అడ్జస్టర్ పెట్టి వెల్డింగ్ చేయిస్తారు. నడిమి పట్టు తిరిగితే ఆర్ములు పైకి లేస్తాయి, బండి దిగుతుంది. ఎంత కావాలంటే అంత దించుకోవచ్చు, నిజమే. అయితే ఆర్ము పైకి లేచిన మేరకు చక్రం ఇంకా పైకి పోవడానికి మిగిలిన చోటు తగ్గిపోతుంది, కొద్దిపాటి గుంతకే రబ్బరు స్టాపులకు కొట్టుకుంటుంది. ఆర్మునూ స్పిండిల్‌నూ కలిపే గుండు కీళ్లు, అంటే బాల్ జాయింట్లు, తమ వంపు హద్దు దగ్గర పని చేయాల్సి వస్తుంది. స్టీరింగును చక్రాలకు కలిపే టై రాడ్ల కోణం మారి, గతుకు తగిలినప్పుడల్లా స్టీరింగు తనంతట తాను కాస్త తిరుగుతుంది. షాక్ అబ్జార్బర్లు కూడా పొట్టివి కొనాలి. కట్టలోంచి కొన్ని పట్టీలు తీసేసి దించేవాళ్లూ ఉన్నారు, వాళ్లకు నా దండం.

డ్రాప్ స్పిండిల్ వీటి జోలికే పోదు. బాల్ జాయింట్లు ఉన్నచోటే ఉంటాయి, చక్రం తిరిగే ఇరుసు మాత్రం 2.5 అంగుళాలు పైకి జరుగుతుంది. ఆర్ముల కోణం, టై రాడ్లు, షాక్ అబ్జార్బర్లు అన్నీ పాతవే. ఫలితం సీటులో తెలుస్తుంది. స్పీడు బ్రేకరు దాటేటప్పుడు బండి మునుపటిలాగే మెత్తగా మునిగి లేస్తోంది.

కొనే ముందు బండి ఏ ఏడాదిదో చూసుకోవాలి. 1967 వరకు వచ్చిన వ్యాన్లకు కింగ్ పిన్ అమరిక (బాల్ జాయింట్లకు బదులు నిలువు పిన్ను మీద చక్రం తిరిగే పాత పద్ధతి), దానికి ఇవి పట్టవు. 1970 మోడల్ వరకు ముందు డ్రమ్ బ్రేకులు, 1971 నుంచి డిస్కులు. రెండింటి స్పిండిల్స్ వేరు.

ఇక దెప్పుడు. స్పీడోమీటర్ కేబులు ఎడమ చక్రం స్పిండిల్ మధ్యలోని రంధ్రం గుండా వెళ్లి బయటి మూతకు తగులుకుంటుంది. చక్రంతో పాటు ఆ మూత తిరిగితేనే మీటరు ముల్లు కదులుతుంది. నాకొచ్చిన స్పిండిల్‌లో ఆ రంధ్రం అంచున ఇనుప పెచ్చు పొడుచుకుని ఉంది, లోపల పెయింటు గడ్డకట్టి ఉంది. సన్నని గుండ్రని ఆకురాయితో గీకితే గానీ కేబులు దూరలేదు. ఆ పెచ్చును అలాగే వదిలేస్తే కేబులు తొడుగు చీరుకుపోయేది. ఇంత ధర పెట్టిన వస్తువు పెట్టెలో పెట్టే ముందు ఎవరైనా ఒకసారి వేలు పెట్టి చూడకూడదా? ఇరుసు పైకి జరిగింది కాబట్టి కేబులు వంపు కూడా మారుతుంది. ముల్లు వణుకుతుంటే ముందు ఆ వంపునే సరిచేయండి.

బిగించడం పెద్ద కష్టం కాదు. పై బాల్ జాయింటుకున్న క్యాంబర్ బుష్ (చక్రం పక్కకు వాలే కోణాన్ని సరిచేసే తొడుగు) ఏ స్థానంలో ఉందో విప్పే ముందే గీత గీసి గుర్తు పెట్టుకోండి. చివర్లో అలైన్‌మెంట్ మాత్రం తప్పనిసరి.

స్పిండిల్స్‌తో బీమూ ఆర్ములూ కలిసే కిందికి వస్తాయి. మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీని, అంటే యాంటీ రోల్ బార్‌ను, కింది ఆర్ములకు బిగించిన క్లాంపులు నేలకు 2.5 అంగుళాలు దగ్గరవుతాయి. ఎత్తైన స్పీడు బ్రేకర్ల దగ్గర వీటినే గమనించాలి. టైరు కూడా చక్రపు గూడులోకి అంతే లోతుగా పోతుంది, కాబట్టి స్టీరింగు పూర్తిగా తిప్పి, బండిని కిందికి నొక్కి, ఎక్కడైనా రాసుకుంటోందేమో చూడాలి. సందు కోసమని చిన్న కారు టైర్లు వేయకండి. ఈ వ్యానుకు బరువు మోసే 185ఆర్14 రకం గట్టి టైర్లు ఇచ్చారు, బరువు సూచిక (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) దానికి తగ్గకూడదు.

ముందు మాత్రమే దించి ఆపేస్తే బండి ముక్కు వంచుకుని ఉంటుంది. చక్రాల మధ్య దూరం 2,400 మిల్లీమీటర్లు, దించింది సుమారు 64. అంటే ఒకటిన్నర డిగ్రీ వంపు. అంత మేరా కాస్టర్ కోణం (స్టీరింగు తిప్పినప్పుడు చక్రం తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం) తగ్గి, వేగంలో, ముఖ్యంగా పక్కగాలికి, స్టీరింగు నిలకడ లేకుండా తూగుతుంది. వెనుక మెలికతో స్ప్రింగు పని చేసే కడ్డీల, అంటే టోర్షన్ బార్ల, పళ్లు తిప్పి అటు కూడా దించాక నా బండి మళ్లీ గీత గీసినట్టు పోతోంది. హెడ్‌లైట్ల గురి కూడా అప్పుడే సరిచేసుకోవచ్చు.

అయిదుకు నాలుగు ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒకటి కేబులు రంధ్రానికే. ఇంకో అంగుళం దించాలనే కోరిక ఉన్నవాళ్లు స్పిండిల్స్ బిగించాకే అడ్జస్టర్ పెట్టించుకోండి, అదీ ఆ అంగుళం మేరకే.