మేకు చంపని టైరు: చుట్టుగుంట పంచరు కొట్టు గురించి

గుంటూరులో చుట్టుగుంట నుంచి మిర్చి యార్డు వైపు వెళ్తుంటే ఒక వేపచెట్టుకి పాత లారీ టైరు ఆనించి ఉంటుంది. దాని మీద పసుపు పెయింటుతో ‘పంచర్’ అని రాసి ఉంటుంది. కొట్టుకి బోర్డు అంటే అదే. వెనక రేకుల షెడ్డు, ఒక కంప్రెసరు, సగానికి కోసిన డ్రమ్ములో నల్లటి నీళ్లు. పెద్దాయన ఒకరు, ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు ఒకడు. సీజన్లో మిరప ఘాటుకి కొత్తవాళ్లు అక్కడ నిలబడి తుమ్ముతూనే ఉంటారు. వాళ్లిద్దరికీ ముక్కు అలవాటు పడిపోయింది.

నేను యార్డులోనే ఒక కమీషన్ కొట్లో గుమాస్తాని. బండి 2019 పల్సర్ 150. రోజూ గోరంట్ల నుంచి రావడం, పోవడం, మధ్యలో కోల్డ్ స్టోరేజీల చుట్టూ తిరగడం. వీటన్నిటికీ ఆ బండే. కాబట్టి పంచర్లు నాకు కొత్త కాదు. కానీ పంచరేసి నడపాలా, టైరే మార్చాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఎవరి మాట నమ్మాలో ఈ ఫిబ్రవరిలోనే తెలిసింది.

ముందు పాత సంగతి ఒకటి చెప్పాలి. పోయిన వానాకాలం యార్డులోనే వెనక టైరు దిగిపోయింది. తీసి చూస్తే గోనె కుట్టే దబ్బనం విరిగిన మొన. మా హమాలీలు తెగ నవ్వారు, “బండికి కూడా కుట్లేశాం సార్” అని. టైరు కొని ఏడాదే. అయినా ట్యూబ్‌లెస్ టైరుకి చిల్లు పడిందంటే ఇక అయిపోయినట్టే అనుకుని, కొత్తది ఎంతవుతుందో కనుక్కుందామని ఈ కొట్టు ముందు ఆపాను. పెద్దాయన చిల్లు చూశాడు. సరిగ్గా నడుమ, రోడ్డుకి ఆనే చోట ఉంది. “పెన్సిల్ లావు కూడా లేదు బాబూ, దీనికి టైరెందుకు మారుస్తావు?” అన్నాడు. మష్రూమ్ ప్యాచ్, అంటే పుట్టగొడుగు ఆకారంలో ఉండే రబ్బరు అతుకు, వేస్తానన్నాడు. 200 రూపాయలు.

మామూలుగా రోడ్డు పక్కన వేసేది జిగురు తాడు. టైరు విప్పకుండానే బయటి నుంచి చిల్లులో ఆకురాయి లాంటి పుల్ల పెట్టి తిప్పి, సూదికి తాడు ఎక్కించి లోపలికి పొడిచి లాగేస్తారు. ఐదు నిమిషాల పని, 100 రూపాయలు. ఇంటికి చేరడానికి అది చాలు. మష్రూమ్ అలా కాదు, టైరు విప్పాల్సిందే. పెద్దాయన చిల్లు చుట్టూ లోపలి వైపు గరుకుగా రుద్దాడు, దుమ్ము తుడిచాడు, సొల్యూషన్ రాశాడు. రాయగానే అతికించలేదు. బీడీ ఒకటి పూర్తిగా కాల్చాడు (సొల్యూషన్ డబ్బాకి దూరంగా వెళ్లి, అంతవరకు నయం). వచ్చి వేలి వెనక భాగంతో తాకి, తడి లేదు, జిగట ఉంది అనుకున్నాకే పుట్టగొడుగు కాడని లోపల్నుంచి బయటికి లాగాడు. గొడుగు లోపల అతుక్కుంది, కాడ చిల్లుని నింపింది. చిన్న చక్రంతో నొక్కి నొక్కి రుద్ది, బయటికొచ్చిన కాడని బ్లేడుతో కోసేశాడు. అరగంట పైనే పట్టింది. అప్పటికి నాకు విసుగొచ్చిన మాట నిజం.

ఇక ఈ ఫిబ్రవరి సంగతి. తెనాలిలో మా అత్తగారింటి నుంచి రాత్రి ఎనిమిదిన్నరకి బయల్దేరాం. వెనక మా ఆవిడ, ట్యాంకు మీద అత్తగారిచ్చిన పది కిలోల మినుముల సంచి. సంగం జాగర్లమూడి దాటాక బండి వెనక భాగం తోక ఊపినట్టు అటూ ఇటూ కొట్టుకోవడం మొదలెట్టింది. దిగి చూస్తే టైరు సగం కూర్చుంది. చీకటి, చుట్టూ చేలు, కొట్టన్నది కనపడలేదు. “నేను నడుస్తానులే” అంది మా ఆవిడ. నేనే వద్దన్నాను. కొంచెం గాలి ఉందిగా, మెల్లగా పోదాం అన్నాను. రెండు మూడు కిలోమీటర్లు అలాగే పోయాం. చివరి కిలోమీటరు గాలి ఏమీ లేదు, ఇద్దరి బరువూ మినుములూ కలిసి రిమ్ము కింద టైరుని పిండి రుబ్బినట్టు రుబ్బాయి. రోడ్డు మీద ఒక కొట్టు దొరికింది. అక్కడ మేకు లాగి, జిగురు తాడు పొడిచి, గాలి కొట్టి పంపారు. ఇంటికి చేరాం.

తెల్లారి చూస్తే టైరు మళ్లీ నేలకి ఆనింది.

గాలి కొట్టించుకుని దగ్గర్లో ఉందని ముందు ఒక పెద్ద టైర్ల షోరూముకి వెళ్లాను. పేరు చెప్పను. అద్దాల తలుపు, కూర్చోడానికి సోఫా, తాగడానికి కాఫీ. కుర్రాడు బండి పక్కన వంగి, బొటనవేలితో టైరు ఒకసారి నొక్కి, “రెండూ మార్చేయండి సార్, సేఫ్టీ” అన్నాడు. ముందూ వెనకా కలిపి 4,900. ముందుది ఎందుకంటే “పెయిర్‌గా మారిస్తే మంచిది” అన్నాడు. టైరు విప్పనైనా విప్పలేదు.

మా యార్డులో ఇలా కుదరదు. బస్తా పైన కాయ ఎర్రగా నిగనిగలాడుతుంటే ఎవడూ ధర చెప్పడు. బస్తాలోకి చెయ్యి పెట్టి, లోపల్నుంచి మచ్చు తీసి, అరచేతిలో పరిచి, తాలు ఎంతుందో చూసి అప్పుడు ధర చెప్తారు. ఇరవై మూడొందల టైరుకి ఆ మాత్రం చెయ్యి లోపల పెట్టకపోతే ఎలా అనుకుని వేపచెట్టు దగ్గరికే వచ్చాను.

నేను మాత్రం అక్కడికీ ఒక తీర్పుతోనే వెళ్లాను. మేకు సన్నదే, నడుమే దిగింది, గ్రిప్పు సగానికి పైగా ఉంది, నడిచింది పదకొండు వేల కిలోమీటర్లే. పాత లెక్క ప్రకారం మష్రూమ్ వేస్తే సరిపోతుంది కదా. “బాబాయ్, ఇంకో పుట్టగొడుగు పెట్టెయ్” అన్నాను. ఆయన నవ్వి, “విప్పాక చెప్తా” అన్నాడు.

విప్పాడు. రిమ్ము నుంచి టైరు ఊడగానే లోపల్నుంచి నల్లటి పొడి రాలింది, కాటుక డబ్బా బోర్లించినట్టు. పిడికెడు ఉంటుంది. పెద్దాయన ఏమీ మాట్లాడకుండా నా చెయ్యి పట్టుకుని టైరు లోపల పక్క గోడ మీద పెట్టి చుట్టూ తిప్పాడు. నడుమ భాగం నున్నగా ఉంది. పక్కకి వచ్చేసరికి ఒక గీత చుట్టూతా వేలికి తగిలింది, గరుకుగా. దానికి మొబైల్ లైటు పెడితే రబ్బరు లేచిపోయి, కింద దారాలు కనపడుతున్నాయి. ఒకచోట రెండు దారాలు తెగి పైకి లేచాయి.

“మేకు చంపలేదు బాబూ దీన్ని. గాలి లేకుండా తోలావా?”

ఒప్పుకున్నాను. ఇద్దరం ఉన్నామనీ చెప్పాను. మినుముల సంగతి చెప్పలేదు.

ఆయన చెప్పిందాంట్లో నాకు అర్థమైంది ఇది. బరువు మోసేది రబ్బరు కాదు, లోపలున్న గాలి. గాలి పోతే టైరు పక్క గోడలు మడతపడి, ఒకదానికొకటి రాసుకుని కాలిపోతాయి. లోపలి దారాలే టైరుకి ఎముకలు. నడుమ చిల్లు పడితే పూడ్చొచ్చు. పక్క గోడ తిరిగే ప్రతి చుట్టుకీ వంగుతుంటుంది కాబట్టి అక్కడ ఏ అతుకూ నిలవదు, దారాలు తెగితే అసలు ప్రశ్నే లేదు. బయటికి మాత్రం కొత్తదానిలా కనపడుతుంది. ఏ వేసవి మధ్యాహ్నమో హైవే మీద అదే చోట ఉబ్బి పగులుతుంది. నిన్న రాత్రి తాడు ఎందుకు నిలవలేదో కూడా చూపించాడు: మేకు ఏటవాలుగా దిగింది, తాడు నిటారుగా పొడిచారు.

ఇంకో విషయం కూడా చూపించాడు. వానాకాలంలో వేసిన మష్రూమ్. నాలుగు వేల కిలోమీటర్లు నడిచినా, ఆ రాత్రి రుబ్బుడు తిన్నా, అంచు కూడా లేవలేదు. టైరు మొత్తంలో బాగున్నది ఆ అతుకొక్కటే.

మా బావమరిది ఫోన్లో ఒక సలహా ఇచ్చాడు. ట్యూబ్ వేసి తోలెయ్ బావా, నాలుగొందల్లో పోతుంది అని. అడిగాను. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. తెగిన దారాలకి ట్యూబ్ ఏం చేస్తుంది, పైగా ఆ దారాలే ట్యూబుని రాసి కోస్తాయి అన్నాడు. దారాలు బాగున్న టైరు అయినా సరే, ట్యూబ్‌లెస్‌లో ట్యూబ్ వేస్తే దాని మంచి గుణం పోతుంది. ట్యూబ్‌లెస్‌కి మేకు దిగితే రబ్బరు దాన్ని పట్టుకుని ఉంటుంది, గాలి నెమ్మదిగా దిగుతుంది. ట్యూబ్ అయితే ఒక్కసారిగా పోతుంది. పంచరు రాకుండా లోపల పోసే ద్రవం గురించి అడిగితే మాత్రం ఆయనకి కోపమొచ్చింది. అది పోసిన టైరు విప్పితే చేతులన్నీ జిగురవుతాయట, కడిగి ఆరబెడితే గానీ ప్యాచ్ అంటదట. దీన్ని ఆయన సొంత బాధ కింద కూడా లెక్కేసుకోవచ్చు.

ముందు టైరు మార్చాలా అన్నాను. టైరు పక్కన టీ డబ్ల్యూ ఐ అని అక్షరాలుంటాయి, చిన్న త్రికోణం గుర్తు కూడా ఉంటుంది. అక్కడి నుంచి నేరుగా పైకి వచ్చి గాడిలో చూస్తే చిన్న దిమ్మ కనపడుతుంది. గ్రిప్పు అరిగి ఆ దిమ్మకి సమానమైతే టైరు పని అయిపోయినట్టు. నా ముందు టైరులో దిమ్మ ఇంకా లోతున ఉంది. “ఇంకో ఏడాది చూసుకోవక్కర్లేదు” అన్నాడు. సోఫా, కాఫీ ఖరీదు అక్కడ తెలిసింది నాకు.

ఇప్పుడు ఈ కొట్టులో బాగాలేనివి. కొత్త టైర్లు ఉండవు. కుర్రాడు వెళ్లి తేవాలి, ముప్పావు గంట పట్టింది. సైజు 100/90-17 ట్యూబ్‌లెస్, బిల్లుతో 2,300. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, బిల్లులో 18 ఉందో లేదో చూసుకున్నాను, గుమాస్తా బుద్ధి. తయారీ తేదీ కూడా చూశాను. టైరు మీద చిన్న గుడ్డు ఆకారం గడిలో నాలుగు అంకెలుంటాయి. దీనికి 4125 అని ఉంది, అంటే 2025లో 41వ వారం. పాతదానికి 2324.

మెషీన్ లేదు, ఇనప రాడ్లతో ఎక్కిస్తారు. అల్లాయ్ వీల్ అంచున గీత ఒకటి పడింది. కింద గోనెపట్టా వేసి ఉంటే పడేది కాదు. ఇంకా పెద్ద తప్పు కుర్రాడు చేశాడు. టైరు పక్కన బాణం గుర్తు ఉంటుంది, బండి ముందుకి పోయేటప్పుడు చక్రం తిరిగే దిక్కుకి అది ఉండాలి. వాడు తిరగేసి ఎక్కించాడు. సబ్బునీళ్లు రాసి గాలి కొట్టి, అంచులు రిమ్ములో ‘టప్పు’మని రెండుసార్లు కూర్చున్నాక నేను చూశాను. పెద్దాయన వాణ్ని తిట్టలేదు, మళ్లీ మొత్తం విప్పించాడు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. రెండోసారి ఎక్కించిన కూలి అడగలేదు, అడిగితే ఇచ్చేవాణ్నీ కాదు.

వాల్వు కొత్తది వేశాడు, 40 రూపాయలు. పాతదాన్ని వేళ్లతో వంచి అడుగున బీటలు చూపించాకే. బిగింపు కూలి 150. మొత్తం 2,490. ఫోన్లో కొడితే పక్కనున్న డబ్బా అరిచి మరీ చెప్తుంది.

కంప్రెసరు మీద గాలి మీటరు మాత్రం నమ్మకండి. వెనక టైరుకి ఒక్కడైతే 28, ఇద్దరైతే 32 ఉండాలి నా బండికి. ఆయన మీటరు 32 చూపించింది. పెట్రోలు బంకులో చూపిస్తే 29. ఆ రాత్రి తెనాలి నుంచి బయల్దేరే ముందే నేను గాలి చూపించుకుని ఉంటే, ఏటవాలు మేకు సంగతి అక్కడే బయటపడేదేమో. బంకుల్లో గాలికి డబ్బులు కూడా అడగరు.

కొత్త టైరు కదా, మొదటి వంద, నూటయాభై కిలోమీటర్లు మలుపుల్లో ఒంచొద్దు, బ్రేకు గట్టిగా కొట్టొద్దు అన్నాడు. కొత్త రబ్బరు పైన జారుడుగా ఉంటుంది. ఆ మాట మా ఆవిడకి చెప్తే, “నువ్వెప్పుడు ఒంచావులే” అంది.

ఐదుకి నాలుగు ఇస్తున్నాను. తీసిన ఒకటీ మీటరుకీ, రిమ్ము గీతకీ. పొద్దున ఏడింటికల్లా తీస్తారు. శుక్రవారం మధ్యాహ్నం గంటన్నర కట్టేస్తారు, ఆ టైముకి వెళ్లకండి. సీజన్లో లారీలు క్యూ కట్టినప్పుడు బైకులకి ఆలస్యమవుతుంది.

పాత టైరు అక్కడే వదిలేశాను. మొన్న గాలి కోసం ఆగితే, దాన్నుంచి జానెడు ముక్క కోసి షెడ్డు స్తంభానికి వేలాడదీశారు, దారాలు లేచిన వైపు బయటికి పెట్టి. ఎవరో స్కూటీ అబ్బాయికి పెద్దాయన దాన్ని చూపిస్తూ, గాలి లేకుండా తోలితే ఇట్టా అవుద్ది అంటున్నాడు. నన్ను చూశాడు. ఎవరిదో మాత్రం చెప్పలేదు.