మొనలు మార్చుకునే అల్లిక సూదుల సెట్: స్వెటర్లు అల్లేవారికి ఎంతవరకు పనికొస్తుంది?

మఫ్లర్లు, టోపీలు దాటి స్వెటర్ల వరకు వచ్చినవారికి ఊలు కన్నా ముందు సూదులే సమస్య అవుతాయి. మెడ పట్టీకి ఒక సైజు, ఒంటి భాగానికి మరో సైజు, చేతులకు ఒక పొడవు, నడుము చుట్టుకొలతకు ఇంకో పొడవు కావలసి వస్తుంది. ప్రతి అవసరానికీ విడిగా ఒక సర్క్యులర్ సూది (రెండు మొనలను వంగే కేబుల్‌తో కలిపినది) కొంటూ పోతే కొంతకాలానికి సొరుగు నిండా చిక్కుపడిన సూదులు ఉంటాయి గాని, ఆ పూటకు కావలసినది మాత్రం వాటిలో దొరకదు. మొనలు, కేబుళ్లు విడివిడిగా ఉండి, అవసరాన్ని బట్టి బిగించుకోగలిగే ఇంటర్‌చేంజబుల్ సెట్లు ఈ ఇబ్బందిని తీర్చడానికే వచ్చాయి. అలాంటి వాటిలో చెక్క మొనలున్న ఒక సెట్‌తో, మెడ నుంచి కిందికి అల్లే రాగ్లాన్ స్వెటర్లు (మెడ నుంచి చంకల వరకు ఏటవాలు గీతల వెంట చేతులు ఒంటితో కలిసేవి) పూర్తి చేసిన తర్వాత ఈ సమీక్ష రాస్తున్నాను.

పెట్టెలో 3.5 నుంచి 8 మిల్లీమీటర్ల మందం వరకు ఎనిమిది జతల మొనలు, మొనలతో కలిపి 60, 80, 100 సెంటీమీటర్ల పొడవు వచ్చే కేబుళ్లు, కేబుల్ చివర బిగించే బిళ్లలు, మర బిగించడానికి ఒక సన్నని లోహపు పుల్ల ఉన్నాయి. వీటిని పెట్టుకునే సంచి అందంగానే ఉంది; దాని గురించి ఇంతకంటే చెప్పవలసినది లేదు.

ఇలాంటి సెట్ మంచిచెడ్డలన్నీ మొన, కేబుల్ కలిసే అతుకు దగ్గరే తేలిపోతాయి. ఒంటి భాగం 200 కుట్లు ఉందనుకుంటే, ప్రతి వరసలోనూ ఆ 200 కుట్లూ సన్నని కేబుల్ మీద నుంచి జరిగి, లోహపు అతుకు ఎక్కి, సూది మీదికి రావాలి. అక్కడ గోటికి తగిలేంత మెట్టు ఉన్నా ఊలు పోగులు పట్టుకుంటాయి, చేతి లయ చెడుతుంది. ఈ సెట్‌లో 4 నుంచి 5.5 మిల్లీమీటర్ల మొనల అతుకులు చాలా నునుపుగా ఉన్నాయి. స్వెటర్లకు ఎక్కువగా వాడేది ఈ సైజులే కాబట్టి ఇది పెద్ద ఊరట. 3.5 మిల్లీమీటర్ల జత మాత్రం నచ్చలేదు. చెక్క భాగం కన్నా లోహపు తొడుగు కాస్త లావుగా ఉండడం వల్ల బిగుతుగా అల్లేవారి కుట్లు అక్కడ ఆగిపోతాయి, వాటిని వేలితో తోయవలసి వస్తుంది.

మరను చేత్తో తిప్పి వదిలేస్తే సరిపోదు. కేబుల్ చివర ఉన్న చిన్న రంధ్రంలో పుల్లను దూర్చి, దాని ఆనికతో మొనను గట్టిగా బిగించాలి. లేకపోతే అల్లుతున్నంతసేపూ మణికట్టు కదలికకు మర కొంచెం కొంచెంగా వదులవుతూ వచ్చి, ఒక్కసారిగా మొన ఊడి కుట్లు జారిపోతాయి. తయారీదారులు చెప్పే పని ఇంతే అయినా, ఆ రంధ్రానికి ఇంకో గొప్ప ఉపయోగం ఉంది. అందులో సన్నని నూలు దారం గుచ్చి ఒక వరస అల్లితే, ఆ దారం తనంతట తానే వరసలోని కుట్లన్నింటిలోకీ దూరిపోతుంది. తర్వాత పదిహేను వరసల పైన లేసు డిజైన్ తప్పినా, సూదిని నిర్భయంగా లాగేసి ఆ దారం వరకు విప్పుకోవచ్చు. మామూలు సూదులతో ఇదే పని చేయాలంటే కుట్టు సూది పట్టుకుని ఒక్కో కుట్టులోనూ దారం దూర్చుకుంటూ పోవాలి.

కేబుళ్లు పెట్టెలోంచి తీసినప్పుడు చుట్టలు చుట్టుకునే ఉంటాయి. వేడి నీటిలో కాసేపు ముంచి, లాగి పట్టుకుంటే చాలావరకు సాపు అయ్యాయి. మెడ నుంచి కిందికి అల్లేటప్పుడు రెండు వరసలకొకసారి ఎనిమిది కుట్లు పెరుగుతూ పోతాయి కాబట్టి 60తో మొదలుపెట్టి 80కి, తర్వాత 100కి మారవలసి ఉంటుంది. ఆ మార్పు ఇక్కడ సులువుగా సాగుతుంది. మొనలు తీసేసి బిళ్లలు బిగిస్తే చేతుల కుట్లు కేబుల్ మీదే భద్రంగా నిలుస్తాయి, ఆ మొనలతోనే ఒంటి భాగం కొనసాగించవచ్చు. సగం అల్లిన స్వెటర్‌ను తొడిగి చూసుకోవడానికీ ఇదే పద్ధతి. పైగా నాలుగైదు వందల గ్రాముల స్వెటర్ బరువంతా కేబుల్ మీదుగా ఒడిలో పడుతుంది. పొడవాటి తిన్నని సూదులతో అల్లినప్పుడు ఆ బరువును మోసేది మణికట్లే.

అసలు లోటు చేతుల దగ్గర కనిపిస్తుంది. గుండ్రంగా అల్లే పద్ధతికి 20వ శతాబ్దంలో ఎంతో ప్రచారం తెచ్చిన ఎలిజబెత్ జిమ్మర్‌మన్ (1910–1999) లెక్క ప్రకారం, ఛాతీ దగ్గరి కుట్లలో దాదాపు 20 శాతం మణికట్టుకు సరిపోతాయి. అంటే 200 కుట్ల స్వెటర్‌కు 40 కుట్లు, 10 సెంటీమీటర్లకు 20 కుట్ల చొప్పున 20 సెంటీమీటర్ల చుట్టుకొలత. ఈ మొనలు ఒక్కొక్కటి 12 సెంటీమీటర్లకు పైగా పొడవు ఉండడంతో 40 సెంటీమీటర్ల చిన్న వలయం కూడా వీటితో కుదరదు. పొడవాటి కేబుల్‌ను మధ్యలో బయటికి లాగి అల్లే మ్యాజిక్ లూప్ పద్ధతి రావాలి, లేదా పొట్టి మొనలు విడిగా కొనాలి. ఈ సంగతి పెట్టె మీద ఎక్కడా రాయకపోవడం సరికాదు.

చెక్క సూది కుట్లను పట్టి ఉంచుతుంది, లోహపు సూది జారనిస్తుంది. వదులుగా అల్లేవారికి చెక్క మేలు, బిగుతుగా అల్లేవారికి లోహం మేలు. సూది మారితే బిగువు కూడా మారవచ్చు కనుక నమూనా ముక్కను ఈ మొనలతోనే, గుండ్రంగానే అల్లి, ఉతికి కొలవాలి. 10 సెంటీమీటర్లకు 20 కుట్లు రావలసిన చోట 22 వస్తే, 100 సెంటీమీటర్లు ఉండవలసిన స్వెటర్ 91 దగ్గర ఆగిపోతుంది. సైజు అంకెలను లోహం మీద చెక్కకుండా చెక్క మీద ముద్రించడం మరో లోపం, వాడేకొద్దీ చెరిగిపోతున్నాయి. కొలత చిల్లులున్న పలక దగ్గర ఉంచుకోవాలి. పాత డిజైన్లు చూసి అల్లేవారికి ఇది మరీ అవసరం, ఎందుకంటే 8వ నంబరు సూది అమెరికా లెక్కలో 5 మిల్లీమీటర్లు, బ్రిటిష్ లెక్కలో 4 మిల్లీమీటర్లు.

మేజోళ్లు మాత్రమే అల్లేవారికి ఈ సెట్ దండగ. వాటికి కావలసిన సన్నని సైజులు ఇందులో లేవు. ఒక స్వెటర్ పూర్తి చేసి, రెండోదానికి ఊలు తెచ్చుకున్నవారు నిస్సంకోచంగా కొనవచ్చు. అయితే కొనే ముందు అదే సంస్థ కేబుళ్లు విడిగా దొరుకుతాయో లేదో చూసుకోవాలి. మరల కొలతలు అన్ని సంస్థలవీ ఒకటి కావు. నా దగ్గర ముందు నుంచీ ఉన్న వేరే సంస్థ కేబుళ్లలో ఒక్కటీ ఈ మొనలకు పట్టలేదు.