మ్యాక్ మినీ: ఇప్పుడే కొనాలా, కొత్తదాని కోసం ఆగాలా?

నెల్లూరులో పెళ్లి వీడియోలు కూర్చే మా బావ, యాపిల్ వారి చిన్న డెస్క్‌టాప్ కంప్యూటర్ మ్యాక్ మినీ కొత్తది వస్తుందన్న పుకార్లు వింటూ పాత కంప్యూటర్‌తోనే నెట్టుకొస్తున్నాడు.

ఇప్పుడే కొంటే: 2024లో రూ.59,900కు విడుదలైన ఎం4 (యాపిల్ చిప్ పేరు) మోడల్, 16 జీబీ మెమరీ. పని రేపే మొదలవుతుంది. మెమరీ మాత్రం తర్వాత పెంచుకోలేం, ముందే ఆలోచించుకోవాలి.

ఆగితే: లాభం ఉండవచ్చు. 2023 నాటి ఎం2 మోడల్ అదే ధరకు 8 జీబీయే ఇచ్చింది. కానీ నడుమ ఎం3 మినీ వస్తుందని కాచుకున్నవారి సంగతి? అది రానే లేదు!

పిల్లల చదువుకో, ఇంటి లెక్కలకో అయితే ఆగవచ్చు. కొత్తది వస్తే పాత నిల్వ ధరైనా దిగవచ్చు. మాఘమాసం ముహూర్తాలకు బయానా పుచ్చుకున్నవారు ఇప్పుడే కొనాలి. బావ ఇప్పటికే నాలుగు పుచ్చుకున్నాడు.