14 నెలలు వాడాక: నాన్నగారి 5జీ ఫోన్, అందులోని నెట్‌వర్క్ సెట్టింగ్స్

మార్కాపురం దగ్గరి మా ఊళ్లో ఉంటున్న నాన్నగారికి 14 నెలల క్రితం 13 వేల రూపాయల లోపు ధరలో ఒక 5జీ ఫోన్ కొనిచ్చాను. దాని కెమెరా గురించి, తెర గురించి, బ్యాటరీ గురించి సమీక్షలు చాలానే వచ్చాయి, వాటితో నాకు పేచీ లేదు. ఆ సమీక్షలు ఏవీ తెరిచి చూడని ఒక పేజీ గురించే నేను రాయదలచుకున్నాను. అది సెట్టింగ్స్‌లోని మొబైల్ నెట్‌వర్క్ పేజీ. 74 ఏళ్ల మనిషికి ఫోన్ అంటే ముందు మాట, ఆ తర్వాత బ్యాంకు నుంచో ఆధార్ నుంచో వచ్చే ఓటీపీ. ఆ రెండూ అందుతాయో లేదో తేల్చేది ఆ పేజీయే. నేను పరిశీలించిన మరి రెండు కంపెనీల ఫోన్లలోనూ దాదాపు ఇదే అమరిక ఉంది కాబట్టి, ఈ ఫోన్ పేరు రాసి ఒక్కరినే తప్పుపట్టడం న్యాయం కాదనిపించింది.

సంక్రాంతి వెళ్లిన వారానికి, నాలుగు రోజుల పాటు, నేను ఎప్పుడు ఫోన్ చేసినా నాన్నగారి నంబరు కవరేజీ ప్రాంతంలో లేదన్న మాటే వినిపించింది. చివరికి పక్కింటివారికి ఫోన్ చేసి పిలిపిస్తే, “నా ఫోన్‌కేమయింది, గీతలు కనబడుతూనే ఉన్నాయి కదరా, నీకే తీరిక లేదేమో అనుకున్నాను” అన్నారు. ఆయన చెప్పింది నిజమే. వెలుతురు కోసం వసారాలోకి తెచ్చుకుని చూసినప్పుడల్లా ఫోన్‌లో గీతలు ఉన్నాయి. రాతి గోడల నడిమింట్లో బల్ల మీద పెట్టిన మరుక్షణం అవి పోతున్నాయి. నా ప్రయత్నాల గురించి నెట్‌వర్క్ పంపిన మెసేజీలు ఇంగ్లీషులో వచ్చి ప్రకటనల మధ్య కలిసిపోయాయి. మర్నాడు ఊళ్లో కుర్రాడొకడు ఆయన్ని టౌనులో సెల్ షాపుకు తీసుకెళితే, అక్కడ నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ చేసి ఇచ్చారు. కాల్స్ రావడం మొదలైంది కానీ, ఆ రీసెట్‌తో బ్లూటూత్ జతలన్నీ చెరిగిపోయి, నాన్నగారి వినికిడి యంత్రం ఫోన్‌తో మాట్లాడటం మానేసింది. నేను వెళ్లి మళ్లీ కలిపేదాకా ఆయన స్పీకరు పెట్టుకుని ఇంటిల్లిపాదీ వినేలా మాట్లాడవలసి వచ్చింది.

కారణం ఉగాదికి వెళ్లినప్పుడు గానీ తెలియలేదు, అదీ అదే ఇబ్బంది నా కళ్ల ముందే మళ్లీ జరిగినందువల్ల. ఛార్జింగ్ త్వరగా తగ్గుతున్న రోజున ఈ ఫోన్ ఒక సూచన చూపిస్తుంది: 5జీ వల్ల బ్యాటరీ ఎక్కువగా ఖర్చవుతోంది, నెట్‌వర్క్ రకాన్ని మార్చుకోవచ్చు అని. దాన్ని నొక్కితే ‘ప్రాధాన్య నెట్‌వర్క్ రకం’ అన్న శీర్షిక కింద నాలుగు వరుసలు వస్తాయి. మొదటిదానిలో 5జీ నుంచి 2జీ దాకా అన్నీ ఉంటాయి, రెండోది 4జీ నుంచి మొదలవుతుంది, మూడోది 3జీ, 2జీ మాత్రమే, నాలుగోది కేవలం 2జీ. నాన్నగారు మూడో వరుసను ఎంచుకున్నారు. బ్యాటరీ నిలవాలంటే 3జీలో పెట్టుకోమని పదేళ్ల క్రితం ఆయనకు చెప్పింది నేనే, అప్పటికది మంచి సలహా కూడా. ఆయన దాన్ని గుర్తుపెట్టుకుని పాటించారు. అప్పుడున్న 3జీ ఇప్పుడు లేదని ఫోన్ ఆయనకు చెప్పలేదు.

ఇక్కడ జరిగినదాన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది తెలియకపోవడం వల్లే ఊళ్లలో ఎంతోమంది టవర్‌ను తిట్టుకుంటున్నారు. మన దేశంలో 3జీ సేవ 2008 డిసెంబరులో ఢిల్లీలో ప్రభుత్వ సంస్థ ఎంటీఎన్‌ఎల్‌తో మొదలైంది, 2010 వేలం తర్వాత ప్రైవేటు కంపెనీలు అందుకున్నాయి. 2016 సెప్టెంబరు 5న వచ్చిన జియో 2జీ, 3జీ రెండూ లేకుండా నేరుగా 4జీతోనే ఆరంభించింది, కాబట్టి దాంట్లో మాట కూడా 4జీ మీదనే, అంటే వోల్టీ పద్ధతిలోనే సాగాలి. ఎయిర్‌టెల్ 2019లో కోల్‌కతాతో మొదలుపెట్టి ఒక్కో సర్కిల్‌లో, అంటే ఒక్కో టెలికాం ప్రాంతంలో, 3జీని ఆపేసి, దానికి వాడుతున్న 900 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్‌ను (రేడియో తరంగాలను) 4జీకి మళ్లించింది. వొడాఫోన్ ఐడియా కూడా ఆ తర్వాత అదే దారి పట్టింది. బటన్ ఫోన్లు వాడేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నందున 2జీని మాత్రం ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా ఉంచాయి. పై మెట్టూ కింది మెట్టూ ఉండి నడిమి మెట్టు లేని నిచ్చెన ఇది. 4జీ మీద నిలబడలేని ఫోన్ ఒక్కసారిగా 2జీకి జారుతుంది, ఆ 2జీ కూడా అందని గదిలో నేల మీద పడుతుంది.

900 మెగాహెర్ట్జ్ లాంటి తక్కువ పౌనఃపున్యం గోడలు దాటి లోపలికి రావడంలో 2300 మెగాహెర్ట్జ్ కంటే ఎంతో మెరుగు. 3జీని మూయడం వల్ల మా నడిమింటి లాంటి గదులకు 4జీ బాగా చేరే అవకాశం నిజంగానే పెరిగిందన్న మాట. సరైన వరుసను ఎంచుకున్నాక మా ఇంట్లో అది కళ్లారా చూశాను: అంతకుముందు ఒక్క గీత కూడా రాని బల్ల మీద ఇప్పుడు రెండు గీతలు నిలుస్తున్నాయి, మాట స్పష్టంగా వినిపిస్తోంది. పాత నెట్‌వర్క్ పోయినందుకు దక్కవలసిన ఆ లాభాన్ని, లేని 3జీని జాబితాలో చూపిస్తున్న ఒక్క వరుస అడ్డుకుంది. అందుకే దీన్ని చిన్న లోపంగా నేను చూడలేను.

మూడో వరుసను ఎంచుకోగానే ఈ ఫోన్ చేసే ఇంకో పని మరింత బాధాకరమైనది. అదే పేజీలో ఉండే వోల్టీ మీట మొత్తంగా కనబడకుండా పోతుంది. ఆపివేసినట్టు బూడిదరంగులో కనబడినా ఏదో తేడా ఉందని పక్కనున్నవాళ్లు పసిగట్టేవారు. అసలు లేకపోయేసరికి, ఇంటికి వచ్చిన కుర్రాడు ‘తాతా, ఈ ఫోన్‌కి వోల్టీ లేదేమో’ అని తేల్చేశాడు. ఎంపిక మార్చే ముందు ‘ఇలా చేస్తే కాల్స్ 2జీ మీదకు వెళతాయి, ఇంట్లో సిగ్నల్ తగ్గవచ్చు’ అన్న ఒక్క వాక్యం కూడా రాదు. ఆటల యాప్ తెరిచినప్పుడు నోటిఫికేషన్లు ఆపాలా అని రెండుసార్లు అడిగే ఫోన్, మాట ఆగిపోయే పని చేస్తున్నప్పుడు ఒక్కసారి కూడా అడగదు.

గీతల సంగతి కూడా చెప్పాలి. పైన కనిపించే గీతలు టవర్ నుంచి వచ్చే సిగ్నల్ బలాన్ని చూపుతాయే గానీ, కాల్స్ మోయవలసిన వ్యవస్థలో ఈ సిమ్ నమోదైందో లేదో చెప్పవు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో లాగే దీనిలోనూ *#*#4636#*#* అని డయల్ చేస్తే పరీక్ష కోసం ఉద్దేశించిన ఒక పేజీ తెరుచుకుంటుంది. 4జీ మీద కాల్స్ మోసే ఆ వ్యవస్థ పేరే ఐఎంఎస్. అందులో ఐఎంఎస్ సర్వీస్ స్టేటస్ అన్న చోట ‘రిజిస్టర్డ్’ అని ఉంటే వోల్టీ నడుస్తున్నట్టు, ‘నాట్ రిజిస్టర్డ్’ అని ఉంటే 4జీ గుర్తు వెలుగుతున్నా మాట కోసం ఫోన్ 2జీకి దిగవలసిందే అన్నట్టు. అలా దిగడానికి కొన్ని సెకన్లు పడుతుంది, మాట్లాడుతున్నంత సేపూ ఇంటర్నెట్ దాదాపు ఆగిపోతుంది. ఇంత ముఖ్యమైన సమాచారం మామూలు సెట్టింగ్స్‌లో ఒక వాక్యంగా ఉండాలి. నక్షత్రాలూ అంకెలూ కలిపిన రహస్య సంకేతం వెనుక దాన్ని దాచడంలో ఏ అర్థమూ లేదు.

మెచ్చుకోవలసినవి కూడా ఈ ఫోన్‌లో ఉన్నాయి, వాటిని దాచడం సబబు కాదు. 2025 సెప్టెంబరు 27న బీఎస్‌ఎన్‌ఎల్ దేశీయ పరిజ్ఞానంతో నిర్మించిన 4జీని ప్రధానమంత్రి ప్రారంభించారు. ఆ నెట్‌వర్క్ వాడే స్పెక్ట్రమ్‌లో 700 మెగాహెర్ట్జ్ ఒకటి, దాన్నే 28వ బ్యాండ్ అంటారు. కొన్నేళ్ల క్రితం మన దగ్గర అమ్మిన చాలా 4జీ ఫోన్లలో ఆ బ్యాండ్ లేదు, నాన్నగారి పాత ఫోన్‌లోనూ లేదు. ఈ ఫోన్‌లో ఉంది. రెండో స్లాటులో బీఎస్‌ఎన్‌ఎల్ సిమ్ వేసి చూస్తే, పొలం దగ్గర బావి గట్టు మీద కూడా 4జీ అందుకుంది. అయితే ఏళ్లనాటి 2జీ, 3జీ సిమ్‌తో ఆ 4జీ రాదు, ముందు 4జీ సిమ్‌కు మార్పించుకోవాలి. ఇది ఫోన్‌తో సంబంధం లేని విషయమే అయినా, సిమ్ మార్చకుండా ఫోన్‌ను నిందించేవాళ్లను చూశాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

వైఫై కాలింగ్ విషయంలో ఫోన్‌కు పూర్తి మార్కులు ఇస్తాను. ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులో, జియో 2020 జనవరిలో తెచ్చిన ఈ సదుపాయం రాతి మిద్దెలకు వరం. వేసవిలో ఇంట్లో ఫైబర్ కనెక్షన్ పెట్టించి దీన్ని ఆన్ చేశాక నడిమింట్లోనూ వంటింట్లోనూ మాట తెగడం లేదు, మాట్లాడుతూ వసారాలోకి నడిచి వచ్చినా కాల్ తెగకుండా వోల్టీకి మారుతోంది. కరెంటు పోయి రౌటర్ ఆగితే మాత్రం మళ్లీ టవరే దిక్కు, అందుకే వోల్టీ సరిగా ఉండటం ఇప్పటికీ అవసరమే.

మా చెల్లెలు మెల్‌బోర్న్‌లో ఉంటుంది. నాన్నగారు అక్కడికి వెళ్లాలనుకుంటున్నారు కాబట్టి ఆ కోణంలోనూ ఈ ఫోన్‌ను పరిశీలించాను. ఆస్ట్రేలియాలో టెల్‌స్ట్రా, ఆప్టస్ 2024 అక్టోబరు 28న 3జీని ఆపేశాయి. అత్యవసర నంబరు 000కు 4జీ మీద కాల్ చేయలేని ఫోన్లకు సేవ ఇవ్వకూడదని అక్కడి ప్రభుత్వం కంపెనీలకు నియమం పెట్టింది. ఇండియాలో వోల్టీ చక్కగా పనిచేసే ఫోన్ కూడా అక్కడి నెట్‌వర్క్‌కు తగినట్టు తయారీదారు సిద్ధం చేయకపోతే అక్కడి సిమ్‌తో పనిచేయకపోవచ్చు. ఈ ఫోన్ పెట్టె మీద గానీ పుస్తకంలో గానీ ఏ దేశాల్లో వోల్టీ నడుస్తుందో ఒక్క మాట లేదు. అందుకని ప్రయాణానికి అక్కడే ఒక చవక ఫోన్ కొని ఉంచమని చెల్లెలికి చెప్పాను.

పరికరంగా ఈ ఫోన్‌కు ఐదుకు నాలుగు ఇస్తాను. యాంటెన్నా మంచిది, బ్యాండ్లు ఉన్నాయి, మాట నాణ్యత బాగుంది. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌కు ఐదుకు ఒకటిన్నరకు మించి ఇవ్వలేను. వేసిన సిమ్ కంపెనీకి 3జీ లేనప్పుడు ఆ వరుసను జాబితాలోంచి తీసేయాలని, వోల్టీ ఆగితే తెర మీద తెలుగులో చెప్పాలని, బ్లూటూత్ జోలికి పోకుండా సిమ్ సెట్టింగ్స్‌ను మాత్రమే రీసెట్ చేసే వీలు ఉండాలని కంపెనీకి రెండుసార్లు రాశాను. మీ సూచన నమోదు చేసుకున్నామన్న జవాబు రెండుసార్లూ వచ్చింది. ఆ తర్వాత వచ్చిన మూడు అప్‌డేట్లలోనూ మూడో వరుస అలాగే ఉంది.

పక్కన ఫోన్ తెలిసినవాళ్లు ఉండి, కొన్న రోజే రెండో వరుస ఎంచి, వోల్టీ, వైఫై కాలింగ్ ఆన్ చేసి, బ్యాటరీ సూచనలను ఆపివేసి ఇవ్వగలిగితే ఈ ధరలో ఇది పెద్దవాళ్లకు కొనదగిన ఫోనే. ఒంటరిగా ఉండే తల్లిదండ్రులకైతే మాత్రం, ఆ పేజీ మారేదాకా, నేను దీన్ని కొనమని చెప్పను.