నీతి: ఎంచబడేదా, ఎదిగేదా?

మనిషి దేవుని ముందు నీతిమంతుడయ్యేది ఎలా? సాక్షి ఒక్కడే, బైబిలు పాత నిబంధనలోని అబ్రాహాము. వాదనలు రెండు. ఆయన దేవుణ్ణి నమ్మాడు, అది నీతిగా ఎంచబడింది అన్న ఆదికాండం 15వ అధ్యాయపు మాటనే కొత్త నిబంధన పత్రికల్లో పౌలూ, యాకోబూ ఇద్దరూ ఎత్తుకుంటారు. రోమా పత్రికలో పౌలు నిలదీసేది కాలం గురించి: అప్పటికి సున్నతి జరిగిందా? లేదు. పని చేసినవాడికి ఇచ్చేది జీతం, ఇది జీతం కాదు అంటాడు. యాకోబు మాత్రం అబ్రాహాము తన కొడుకు ఇస్సాకును బలిపీఠం మీద పెట్టిన రోజు దగ్గరికి తీసుకెళ్తాడు. నమ్మకం అక్కడ కంటికి కనబడింది.

పదహారో శతాబ్దపు జర్మన్ మత సంస్కర్త లూథర్ పౌలు పక్షం. నీతి క్రీస్తుది, విశ్వాసి ఖాతాలో జమ అవుతుంది. అతడు ఒకేసారి నీతిమంతుడూ, పాపీ. సత్క్రియలు ఆ తర్వాత కాసే ఫలాలు. వణికే మనసుకు ఇంతకన్నా ఊరట లేదు. కానీ బద్ధకస్తుడికి కూడా ఇది భలే నచ్చుతుంది!

1547లో కతోలిక సంఘపు ట్రెంట్ మహాసభ దీనికి ఒప్పుకోలేదు. కృప మనిషిని లోపలినుంచి నిజంగానే నీతిమంతుణ్ణి చేస్తుంది, ఆ నీతి సత్క్రియలతో పెరుగుతుంది, చావైన పాపంతో, అంటే కృపను పోగొట్టే ఘోర పాపంతో పోతుంది, పాపసంకీర్తనంతో, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడంతో తిరిగి దక్కుతుంది అంది. రోజువారీ ఎదుగుదలకు ఇక్కడ బరువెక్కువ. పుణ్యం లెక్కపెట్టుకునే జబ్బుకూ ఇక్కడే చోటెక్కువ.

ఆరంభానికి పౌలు, ఆ తర్వాతి నడకకు యాకోబు అని నా మొగ్గు. 1999లో ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్లు, కతోలికులు ఈ నీతి విషయమై ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశారు. పవిత్ర జీవనాన్ని నొక్కిచెప్పే మెథడిస్టు ప్రొటెస్టెంట్లు 2006లో అందులో కలిశారు.