అక్టోబరు బాతుల కోసం ఎక్కడికి వెళ్లాలి: మంగలాజోడి, పులికాట్, ఆటపాక

అక్టోబరు చివర్లో నీళ్ల మీద దిగిన వలస బాతుల గుంపును చూస్తే అన్నీ ఆడవే అనిపిస్తుంది. కానీ వాటిలో మగవి చాలానే ఉంటాయి. జతకట్టే కాలం ముగిశాక సైబీరియా, మధ్య ఆసియా సరస్సుల మీద మగ బాతు రంగు ఈకలు రాల్చేసి ఆడదాని గోధుమ రంగులోకి మారిపోతుంది. రెక్కల్లోని పెద్ద ఈకలు కూడా ఒక్కసారిగా ఊడిపోవడంతో మూడు నాలుగు వారాలు ఎగరలేదు. ఆ రోజుల్లో శత్రువు కంట పడకుండా కాపాడేది ఆ మట్టి రంగే. దీన్ని ఎక్లిప్స్ దశ అంటారు. రెక్కలు మళ్లీ మొలిచాక మన వైపు బయల్దేరుతుంది గానీ ఒంటి రంగులు అప్పటికి తిరిగి రావు. పిన్‌టెయిల్, అంటే సూదితోక బాతు, డిసెంబరుకల్లా తేరుకుంటుంది. షవలర్‌కి జనవరి దాకా పడుతుంది. గార్గనీ మగది ఇంచుమించు ఫిబ్రవరి వరకూ ఆడదానిలాగే తిరుగుతుంది.

ఈ దశలో బాతుల్ని గుర్తుపట్టడం నేర్చుకోవాలంటే ఒడిశాలోని చిలికా సరస్సు ఉత్తరపు ఒడ్డున ఉన్న మంగలాజోడికే మా ఓటు. కారణం ఒక్కటే, బాతులకు బాగా దగ్గరగా వెళ్లొచ్చు. గడతో నెట్టే చదును పడవ చప్పుడు లేకుండా జమ్ము మధ్య పాయల్లోకి వెళ్తుంది. మామూలు 8x42 బైనాక్యులర్‌తోనే బాతు కన్ను రంగు కనిపిస్తుంది. పడవ ఊగుతుంది కాబట్టి ట్రైపాడ్, స్కోపు (దూరపు పక్షుల్ని చూసే దూరదర్శిని) ఇక్కడ దండగ.

చూడాల్సింది రెక్క. ఒంటి ఈకలు మారినా రెక్క రంగు మగదానికి మగదానిలాగే ఉండిపోతుంది. గార్గనీ మగదాని భుజం, అంటే రెక్క ముందు భాగం, లేత నీలి బూడిద రంగు, ఆడదానిది మాసిన గోధుమ. విజియన్ బాతుల్లో ఎదిగిన మగదానికి భుజం మీద తెల్లటి పెద్ద మచ్చ ఉంటుంది. మొదటి ఏడాది మగపిల్లకు అది ఉండదు కనుక చాలామంది ఆడదని రాసేస్తారు. పిన్‌టెయిల్‌కి ముక్కు చాలు: మగదానికి పక్కలు నీలి బూడిద, నడిమి గీత నలుపు. ఆడదానికి మొత్తం ముదురు బూడిదే. రెడ్ క్రెస్టెడ్ పోచర్డ్ మగది రంగులన్నీ పోయినా ఎర్ర ముక్కు మాత్రం వదలదు. గడ్వాల్ బాతు విషయంలో జాగ్రత్త. ఈ దశలో మగదాని ముక్కు పక్కలకు కూడా నారింజ రంగు వస్తుంది, కాబట్టి ముక్కును నమ్మకూడదు.

నవంబరు షవలర్ మగదాన్ని తీరిగ్గా చూడండి. తల మచ్చలమచ్చలుగా నల్లబడుతూ ఉంటుంది, కంటికీ ముక్కుకీ మధ్య పాలిపోయిన నెలవంక, రొమ్ము మీద అక్కడక్కడా తెలుపు, పక్కలు ఇటుక రంగు, కన్ను పసుపు. పుస్తకంలోని మగ బొమ్మకూ ఆడ బొమ్మకూ రెండింటికీ సరిపోదు.

రెక్క చూడాలని పక్షుల్ని లేపకూడదు. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చి అలసి ఉంటాయి. పదీ పదిహేను నిమిషాలు పడవ ఆపితే ఏదో ఒకటి స్నానం చేసి రెక్కలు దులుపుతుంది. ఫొటోకి షటర్ వేగం 1/2000 సెకను పెట్టుకోండి, ఇంటికెళ్లి ఫ్రేములు వెతుక్కోవచ్చు. సూర్యుడు వీపు వెనక ఉండాలి. ఎదురు వెలుతురులో లేత నీలం తెల్లగానో బూడిదగానో కనిపించి మోసం చేస్తుంది.

అమెరికాలో సెప్టెంబరు టీల్ (చిన్న బాతులు) వేట సీజనులో వేటగాళ్లు ఇదే రెక్కను క్షణాల్లో చదవాలి, అప్పుడు అక్కడా మగవన్నీ గోధుమ రంగే. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద బాతుల వేట నేరం. మంగలాజోడి గైడ్లలో కొందరు ఒకప్పుడు వేటాడినవాళ్లే. ఎగిరే తీరు చూసి జాతి చెప్పేస్తారు. అయితే సందర్శకులు అరుదైన పక్షులే అడుగుతారని అలవాటుపడి తొందరగా ముందుకు తీసుకుపోతారు. ‘బాతుల దగ్గరే ఆగుదాం భాయ్’ అని ఎక్కేముందే హిందీలో చెప్పండి. పడవకు ఇద్దరు ముగ్గురికి మించకుండా, తెల్లారేసరికి బయల్దేరేలా మాట్లాడుకోండి.

విశాఖ నుంచి రైల్లో ఐదారు గంటల్లో బాలుగాం, అక్కడి నుంచి కారులో సుమారు గంట. ఊళ్లోని కాటేజీలు సాదావి, భోజనం ఒడియా చేపల కూరతో బాగుంటుంది. డిసెంబరు, జనవరిలో గదులు దొరకవు. అక్టోబరు చివర్లో ఆ బాధ తక్కువ.

పులికాట్ సంగతి వేరు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు సరస్సు మీదుగానే పోతుంది కాబట్టి పడవ అక్కర్లేదు, కారు చాలు. కానీ పక్షులు దూరం, స్కోపు లేనిదే రెక్క తేలదు. శీతాకాలంలో సూర్యుడు దక్షిణంగా ఉంటాడు, అందుకని రోడ్డుకు ఉత్తరం వైపు పక్షులే స్పష్టం. ఈశాన్య రుతుపవనాల వానలు పడకముందు వెళ్తే చాలా మేర బురదే మిగిలి ఉంటుంది. నవంబరు చివర వారం మేలు. బస్సులు వేగంగా వస్తాయి, కారు పూర్తిగా రోడ్డు దించి ఆపాలి. బస సూళ్లూరుపేట లాడ్జీల్లో, లేదంటే చెన్నై నుంచి పొద్దున్నే వచ్చి వెళ్లొచ్చు.

కైకలూరు దగ్గర ఆటపాకకు పెలికాన్ల కోసం వెళ్లండి, పిల్లలకు చాలా నచ్చుతుంది. బాతుల కోసం మాత్రం వెళ్లొద్దు. పడవలో గూళ్ల చుట్టూ తిప్పి తెచ్చేస్తారు, ఆగి చూసే వీలుండదు. రాత్రి బసకు ఏలూరో భీమవరమో నయం.

అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. ముందురోజు వాతావరణ శాఖ హెచ్చరిక చూసుకోండి, రద్దు చేసుకోగల టికెట్టే కొనండి. గార్గనీ మగదాన్ని అసలు రంగుల్లో చూడాలంటే మాత్రం ఫిబ్రవరి చివర్లో ఇంకోసారి రావాల్సిందే.